బడి కమిటీ ఎన్నిక అరగంటలో అయిపోతుంది, మీరు నెల ముందే మొదలుపెట్టండి

2021లో మా పాప మూడో తరగతి. బడి కమిటీకి ఎన్నిక ఉందని చీటీ పంపారు, తొమ్మిదిన్నరకు రమ్మన్నారు. మన ఊళ్లో ఏ మీటింగు చెప్పిన టైముకు మొదలైంది గనక అనుకుని, వంట చేసుకుని, బట్టలు ఆరేసి తీరిగ్గా పదిన్నరకు వెళ్లాను. వెళ్లేసరికి బోర్డు మీద మూడు పేర్లు రాసేసి ఉన్నాయి. "అందరూ ఒప్పుకున్నారమ్మా, మీరూ ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు. అందరూ అంటే ఎంతమందా అని లెక్కపెడితే గదిలో తొమ్మిది మంది. క్లాసులో పిల్లలు ముప్పై ఎనిమిది మంది. రాసిన మూడు పేర్లలో ఒకావిడ నా పక్కనే బెంచీ మీద కూర్చుని ఉంది, తన పేరు ఎందుకు రాశారో ఆవిడకే తెలియదు.

తల్లిదండ్రుల్లో సగం మంది రాకపోతే ఎన్నిక పెట్టకూడదని నాకు అప్పటికి తెలియదు. సంతకం పెట్టేశాను. పెట్టిన పేజీలో పై సగం ఖాళీగా ఉంది, అదేంటని కూడా అడగలేదు.

గడువు దాటిపోయి, ఆలస్యంగా 2024 ఆగస్టు 8న మళ్లీ ఎన్నిక వచ్చేసరికి పాప హైస్కూల్లో ఆరుకు చేరింది. ఈసారి ముందు నుంచే తిరిగాను, ఆరో తరగతి తరఫున సభ్యురాలినయ్యాను. కమిటీ గడువు రెండేళ్లు కాబట్టి ఆంధ్రాలో అప్పుడు వచ్చిన కమిటీల కాలం 2026 ఆగస్టుతో సరి. కొత్తగా నిలబడదామనుకునేవాళ్లకు, కనీసం వెళ్లి చెయ్యెత్తి వద్దామనుకునేవాళ్లకు నేను కిందామీదా పడి నేర్చుకున్నవి రాస్తున్నాను. ప్రభుత్వ ఎయిడ్ లేని ప్రైవేటు స్కూలు వాళ్లకు ఇది పనికిరాదు, వాళ్లకు ఈ కమిటీలు లేవు.

ముందు ఈ కమిటీ ఏంటో తెలుసుకోండి

పేరు పాఠశాల యాజమాన్య కమిటీ, అందరూ ఎస్‌ఎంసీ అనే అంటారు, మధ్యలో కొన్నాళ్లు తల్లిదండ్రుల కమిటీ అన్నారు. పెద్దవాళ్లకు విద్యా కమిటీలు అంటే వెలుగుతుంది, ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే దానికో చట్టం చేశారు. ఇప్పుడున్నది మాత్రం 2009 నాటి విద్యా హక్కు చట్టం, అందులో 21వ సెక్షన్. ఆ నంబరు గుర్తుపెట్టుకోండి, మీటింగులో "సెక్షన్ 21 ప్రకారం" అని మొదలుపెడితే ఎదుటివాళ్లు కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంటారు.

ఆ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన దగ్గర ఒక్కో తరగతి నుంచి ముగ్గురిని ఎన్నుకుంటారు. ఆ ముగ్గురిలో ఇద్దరు మహిళలు, ఒకరు ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, అనాథల్లాంటి పిల్లల తరఫువాళ్లు, ఒకరు బీసీ, మైనారిటీ లాంటి బలహీన వర్గాలవాళ్లు (ఒకే మనిషి రెండు లెక్కల్లోకీ రావచ్చు). అంటే ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న బడిలో పదిహేను మంది తల్లిదండ్రులు. తరగతిలో ఆరుగురికన్నా తక్కువ పిల్లలుంటే పక్క తరగతితో కలిపేస్తారు. వీళ్లు కాక హెచ్‌ఎం గారు కన్వీనర్, ఒక టీచరు, వార్డు మెంబరో కౌన్సిలరో, అంగన్‌వాడీ టీచర్, ఏఎన్ఎం, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు, ఇంకో ఇద్దరు దాతలో పాత విద్యార్థులో ఉంటారు.

చేయగలిగింది ఏంటి? బడి ఎలా నడుస్తోందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి పంపడం, వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూడటం. టీచరు టైముకు వస్తున్నారా లేదా అన్నది కూడా ఇందులోకే వస్తుంది. చేయలేనిది కూడా చెప్పాలి. టీచర్లను బదిలీ చేయలేరు, కొత్త పోస్టు ఇవ్వలేరు, సిలబస్ మార్చలేరు. మా తమ్ముడు అమెరికాలో ఉంటాడు, అక్కడ స్కూల్ బోర్డుకు ఎన్నికలు జరుగుతాయి, గెలిచినవాళ్లే ఆ జిల్లా స్కూళ్లన్నిటికీ పెద్దగా ఉండే సూపరింటెండెంట్‌ను పెట్టుకుంటారు, కోట్ల డాలర్ల బడ్జెట్ మీద ఓటేస్తారు. నేను ఎస్‌ఎంసీ అనగానే "ఓహో, స్కూల్ బోర్డా అక్కా, పెద్ద పోస్టే" అన్నాడు. ఒరే బాబూ, మాకు బాత్రూమ్ గొళ్లెం బిగించాలంటే తీర్మానం రాయాలిరా అన్నాను. ఈ తేడా మనసులో ఉంచుకుంటే తర్వాత నీరసం రాదు.

నెల ముందు: బడి ఒకసారి తిరిగి చూడండి

ఎన్నిక తేదీ రాకముందే ఈ పని చేసెయ్యండి. ఎందుకంటే "నేను నిలబడుతున్నా, ఓటెయ్యండి" అంటే ఎవరూ పట్టించుకోరు, "ఆడపిల్లల బాత్రూముల్లో నాలుగింట్లో ఒక్కదానికే నీళ్లొస్తున్నాయి, మీ అమ్మాయి చెప్పిందా" అంటే ఆగి వింటారు.

మా బడిలో అదే జరిగింది. పాప ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా బాత్రూముకు పరిగెత్తేది. రోజూ ఇదే తంతు. ఒకరోజు నీళ్ల బాటిల్ చూస్తే పొద్దున నింపిచ్చిన నీళ్లు అలాగే ఉన్నాయి. అడిగితే "తాగితే వెళ్లాలి కదమ్మా" అంది. మర్నాడు హెచ్‌ఎం గారిని అడిగి లోపలికెళ్లి చూశాను. ఒక గదికి తలుపు ఉంది, గొళ్లెం లేదు. ఒకదాంట్లో విరిగిన బెంచీలు పేర్చారు. ఇంకోదాంట్లో కుళాయికి తిప్పే పిడి లేదు, దానికి గుడ్డ కట్టారు. నాలుగోది బాగుంది, మొత్తం ఆడపిల్లలందరికీ అదే. ఆగలేక గొళ్లెం లేనిదాంట్లోకి వెళ్తే స్నేహితురాలు బయట నిలబడి తలుపు పట్టుకోవాలి. ఇది ఏ రిపోర్టులోనూ ఉండదు.

రిపోర్టులో ఏముంటుందో కూడా చూడండి, అది ఇంకా ముఖ్యం. ప్రతి బడికీ యూడైస్ కోడ్ అని పదకొండు అంకెల నంబరు ఉంటుంది, బడి గోడ మీద రాసి ఉంటుంది, లేకపోతే ఆఫీసులో చెప్తారు. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే మీ బడి రిపోర్టు కార్డు వస్తుంది. పిల్లలెంతమంది, టీచర్లెంతమంది, గదులెన్ని, బాత్రూములెన్ని, పనిచేసేవి ఎన్ని, మంచినీళ్లున్నాయా, అన్నీ బడి వాళ్లు నింపి పంపినవే. దాన్ని ప్రింట్ తీయించి చేతిలో పట్టుకుని బడి చుట్టూ తిరగండి. కాగితం మీద పనిచేస్తున్న బాత్రూములు నాలుగు, మీ కంటికి ఒకటి కనిపిస్తే, మీ ప్రచారం అక్కడే తయారైపోయింది.

తర్వాత టీచర్ల లెక్క. చట్టం వెనకున్న షెడ్యూల్‌లో ఇది స్పష్టంగా ఉంది. ప్రైమరీలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు. 150 దాటితే హెచ్‌ఎం వేరే. ఆరు నుంచి ఎనిమిది తరగతులకైతే ప్రతి 35 మందికి ఒకరు, లెక్కలు-సైన్సుకు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు కచ్చితంగా ఉండాలి. ఆడా మగా పిల్లలకు విడివిడిగా బాత్రూములు, మంచినీళ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ, ఇవన్నీ కూడా అందులోనే ఉన్నాయి. తొమ్మిది, పది తరగతులకు ఈ చట్టం వర్తించదు, అది ముందే తెలిసి ఉండాలి, లేకపోతే మీటింగులో ఎవరో ఒకరు అక్కడే పట్టుకుంటారు.

మధ్యాహ్నం భోజనం ఒకసారి తిని చూడండి. వండినవాళ్లను తిట్టడానికి కాదు, వాళ్లకు బిల్లులు నెలల తరబడి రాకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు. నిబంధన ప్రకారం ప్రైమరీ పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, ఆరు నుంచి పైవాళ్లకు 150, 30, 75. ఇరవై గ్రాముల పప్పంటే ఎంతో ఇంట్లో తూచి చూసుకోండి, ఒక గుప్పెడు కూడా రాదు, కానీ అదైనా పళ్లెంలో ఉందా అన్నదే ప్రశ్న.

ఓటరు జాబితాను తేలిగ్గా తీసుకోకండి

ఎన్నికకు వారం ముందు నోటీసు వస్తుంది, తరగతివారీగా తల్లిదండ్రుల జాబితా బడిలో అంటిస్తారు. అభ్యంతరాలు చెప్పడానికి రెండు మూడు రోజులే ఇస్తారు, తర్వాత తుది జాబితా. అందరం ఇక్కడే మోసపోతాం. పిల్ల అమ్మమ్మ దగ్గరుండి చదువుతుంటే, తండ్రి హైదరాబాదులో పనికెళ్తే, సంరక్షకుల పేరు మార్పించుకోకపోతే జాబితాలో ఎవరి పేరుందో ఎవరికీ తెలియదు. మా వీధిలో ఒకామెకు భర్త పోయి మూడేళ్లయింది, జాబితాలో ఆయన పేరే ఉంది. నోటీసు పడిన రోజే వెళ్లి ఫోన్‌తో ఫోటో తీసుకోండి, మీ క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టండి, ఎవరి పేరు వాళ్లు చూసుకుంటారు. తప్పుంటే నోటితో చెప్పి రావద్దు, తెల్ల కాగితం మీద రెండు ముక్కలు రాసి ఇచ్చి, ఇంకో కాపీ మీద తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి.

తల్లికి గానీ తండ్రికి గానీ ఒక్కరికే ఓటు, ఇద్దరూ వేస్తామంటే కుదరదు. ఇంట్లో ఎవరు వెళ్లాలో ముందే మాట్లాడుకోండి. నా సలహా అడిగితే తల్లి వెళ్లడమే మంచిది, మీటింగులన్నిటికీ తర్వాత వెళ్లగలిగేది ఆవిడే.

ఒంటరిగా నిలబడకండి

ముగ్గురుగా నిలబడండి. మహిళలు ఇద్దరు, వర్గాలవారీగా ఉండాల్సినవాళ్లు అంతా కుదిరేలా ముగ్గురిని మీరే అనుకుని వెళ్తే అక్కడ "రిజర్వేషన్ కుదరట్లేదు, ఈవిడ బదులు ఆయన్ని పెడదాం" అనే మాటకు తావుండదు. నేను, ఎస్సీ కాలనీ నుంచి ఒకావిడ, ఆటో నడిపే ఒక అన్న కలిసి వెళ్లాం. అన్నకు రోజూ బడి గేటు దగ్గరే స్టాండు, సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే ప్రతి ఒక్కరూ ఆయనకు తెలుసు. ఆయన నాలుగు మాటలు చెప్తే నేను ఇంటింటికీ తిరిగినదానికన్నా ఎక్కువ పనైంది.

ప్రచారమంటే పాంప్లెట్లు, మైకు అక్కర్లేదు. సాయంత్రం గేటు దగ్గర పావుగంట, నాలుగు రోజులు. డ్వాక్రా మీటింగు రోజు ఐదు నిమిషాలు. అడిగే మాట ఒక్కటే: "ఆ రోజు వస్తారా? ఎన్నింటికి రాగలరు?" కూలికి వెళ్లేవాళ్లకు ఆ పూట కూలి పోతుంది, అది చిన్న విషయం కాదు, వాళ్లను ఊరికే రమ్మంటే రారు. మేం మేస్త్రీతో ముందురోజే మాట్లాడి ఆ ఒక్కరోజు పదకొండుకు పనిలోకి వచ్చేలా ఒప్పించాం. ఆరుగురు వచ్చారు. మా తరగతిలో కోరం నిండింది ఆ ఆరుగురితోనే.

పార్టీల గురించి కూడా చెప్పాలి. ఈ ఎన్నికకు పార్టీ గుర్తు లేదు, ఉండకూడదు. కానీ ఊరన్నాక ఉంటుంది. 2024లో కొన్ని చోట్ల బడి గేటు దగ్గర రెండు పార్టీలవాళ్లు తోసుకున్నారు కూడా. మీ దగ్గరికి ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి "మా తరఫున ఉండమ్మా, అన్నీ మేం చూసుకుంటాం" అంటారు. గొడవ పెట్టుకోవద్దు, "సరే అన్నా, బాత్రూములకు నీళ్లు తెప్పిస్తారా" అని అడగండి. తెప్పిస్తే మంచిదే కదా. లేకపోతే మీరెవరి తరఫో ఆయనకే అర్థమైపోతుంది.

ఎన్నిక రోజు

తొమ్మిదింటికే వెళ్లండి. ఆధార్ కార్డు, నీళ్ల బాటిల్, ఒక పెన్ను, తినడానికి ఏదైనా పెట్టుకోండి. తినడానికి ఎందుకో చెప్తాను.

పొద్దున తరగతివారీగా కూర్చోబెట్టి సభ్యులను ఎన్నుకుంటారు. మామూలుగా చేతులెత్తడమే. గొడవ వచ్చేలా ఉంటే రహస్య ఓటింగ్ కూడా పెట్టొచ్చు, అవసరమైతే మొదట్లోనే అడగండి, చేతులు లెక్కపెట్టాక అడిగితే ఓడిపోయి అడిగినట్టుంటుంది. మొదలుపెట్టే ముందు "ఎంతమంది వచ్చారు, జాబితాలో ఎంతమంది" అని గట్టిగా అందరికీ వినపడేలా అడగండి. సగం లేకపోతే ఆగమనండి. ఇది అడిగితే మిమ్మల్ని గొడవమనిషి అనుకుంటారేమో అని భయం వేస్తుంది, నాకూ వేసింది, గొంతు వణికింది. అడిగాక మాత్రం టీచరు గారే "కరెక్టే, ఇంకో పదిమందికి ఫోన్ చేయండి" అన్నారు.

"ఏకగ్రీవం" అన్న మాటకు తొందరపడి తలాడించకండి. ముగ్గురే ముందుకొస్తే ఏకగ్రీవం మంచిదే. నలుగురు చెయ్యెత్తితే అది ఏకగ్రీవం కాదు.

ఇక మధ్యాహ్నం. అన్ని తరగతుల సభ్యులు ఎన్నికయ్యాక ఛైర్మన్‌ను, వైస్ ఛైర్మన్‌ను ఎన్నుకుంటారు. ఎన్నుకునేది గెలిచిన తల్లిదండ్రులే, హెచ్‌ఎం గారికి గానీ వార్డు మెంబరుకు గానీ ఇందులో ఓటు లేదు. ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. ఈ ఎన్నిక జరిగేసరికి ఒంటిగంట దాటుతుంది, అప్పటికి గెలిచిన ఆడవాళ్లు సగం మంది "పొయ్యి మీద పెట్టి వచ్చాను" అని ఇంటికెళ్లిపోతారు. మిగిలినవాళ్లు ఎవరిని అనుకుంటే వాళ్లే ఛైర్మన్. రెండేళ్లపాటు బ్యాంకు ఖాతా మీద హెచ్‌ఎం గారితో కలిసి సంతకం పెట్టేది ఆ మనిషే. అందుకే తిండి తెచ్చుకోమన్నది. మేం పులిహోర కలుపుకెళ్లాం, వేరే తరగతుల్లో గెలిచినవాళ్లను కూడా కూర్చోబెట్టి పెట్టాం, ఆ అరగంటలోనే ఛైర్మన్‌గా ఎవరైతే బాగుంటుందో మాట్లాడుకున్నాం. రాజకీయం అంటే అనుకోండి.

ఛైర్మన్‌గా ఎవరు అన్నదాని మీద నా అభిప్రాయం: బాగా మాట్లాడే మనిషికన్నా, రాసింది చదివి సంతకం పెట్టే మనిషిని ఎంచుకోండి. చదువు తక్కువైనా ఫర్వాలేదు, పక్కన ఒకరితో చదివించుకుని పెట్టే ఓపిక ఉంటే చాలు.

గెలిచాక: తీర్మానాల పుస్తకం

అసలు పని ఇక్కడే. కమిటీ చేతిలో ఉన్న పనిముట్టు ఇదొక్కటే, మినిట్స్ బుక్. మీటింగులో మనం గంటసేపు ఏం మాట్లాడినా అందులో రాయకపోతే మాట్లాడనట్టే. రాసింది మనం మాట్లాడకపోయినా మాట్లాడినట్టే.

మాకు మొదటి మీటింగులో పుస్తకం ముందుకు తోశారు. పేజీ మధ్యలో ఒకటి నుంచి ఇరవై నాలుగు వరకు వరస నంబర్లు వేసి ఉన్నాయి, ఒక్కో నంబరు ఎదురుగా సంతకానికి గీత. పైన సగం పేజీ తెల్లగా ఉంది. "తర్వాత నీట్‌గా రాస్తాం" అన్నారు. ఆ మాటలో చెడు ఉద్దేశం ఉందని నేను అనను, పది రిజిస్టర్లు, నాలుగు యాప్‌లతో సతమతమయ్యే మనుషులు వాళ్లు. కానీ 2021లో నేను పెట్టిన సంతకం పైన తర్వాత ఏం రాశారో నాకు ఈ రోజుకీ తెలియదు. అందుకని "రాయండి మేడం, కూర్చుంటాం" అన్నాను. ఇరవై నిమిషాలు కూర్చున్నాం. రాశారు. ఒకరు పైకి చదివారు. అప్పుడు సంతకాలు పెట్టి, ఫోన్‌తో ఫోటో తీసుకున్నాం. తర్వాతి మీటింగు నుంచి వాళ్లే ముందు రాసి తెస్తున్నారు.

తీర్మానం ఎలా ఉండాలంటే: ఏం పని, ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా, డబ్బు ఎక్కడిది. "బాత్రూముల సమస్య పరిష్కరించాలని తీర్మానించడమైనది" అని రాస్తే దాంతో ఏమీ జరగదు. "ఆడపిల్లల బాత్రూముల్లో మూడు కుళాయిలు, రెండు గొళ్లేలు ఈ నెల 25లోగా వేయించాలి, కాంపోజిట్ గ్రాంట్ నుంచి, చూసుకునేది ఫలానా సభ్యులు" అని రాస్తే తర్వాతి మీటింగులో అడగడానికి మీ చేతిలో ఏదో ఉంటుంది.

డబ్బు సంగతి. సమగ్ర శిక్ష నుంచి ఏటా కాంపోజిట్ గ్రాంట్ అని వస్తుంది, అది పిల్లల సంఖ్యను బట్టి. 30 మంది వరకు 10 వేలు, 100 వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, వెయ్యి వరకు 75 వేలు, ఆపైన లక్ష. అందులో కనీసం పది శాతం శుభ్రతకు పెట్టాలి. ఇది నిబంధన, చేతికొచ్చింది ఎంత అన్నది ఖాతా స్టేట్‌మెంట్ చూస్తేనే తెలుస్తుంది, దాన్ని మొదటి మీటింగులోనే అడగండి. ఇది కాక, తల్లికి వందనం పథకంలో 2025లో పిల్లకు 15 వేలు అని చెప్పి 13 వేలు మన ఖాతాలో వేసి, 2 వేలు బడి నిర్వహణకని ఆపారు కదా, ఆ రెండు వేల లెక్క అడిగే హక్కు ప్రతి తల్లికీ ఉంది. మా మీటింగులో ఈ మాట ఎత్తగానే అప్పటిదాకా నిద్రపోతున్నవాళ్లు కూడా లేచారు.

ప్రణాళిక విషయం చాలామంది వదిలేస్తారు, వదలొద్దు. మూడేళ్ల బడి అభివృద్ధి ప్రణాళిక, ఏడాదికొకటి చొప్పున మూడు భాగాలు. తరగతివారీగా ఎంతమంది పిల్లలు రావచ్చు, ఎంతమంది టీచర్లు కావాలి, ఏ గదులు, ఏ సామాన్లు, ఎంత డబ్బు. ఆర్థిక సంవత్సరం మార్చిలో ముగుస్తుంది, దానికి మూడు నెలల ముందే అది తయారవ్వాలి, అంటే డిసెంబరు లోపు. మా దగ్గర పాతది తీసి తేదీ మార్చి పంపేవారు. మేం కొత్తగా కూర్చుని రాసినప్పుడే తెలిసింది, సైన్సు ల్యాబు అని రాసిన గదిలో మూడేళ్లుగా పాత పుస్తకాల కట్టలు ఉన్నాయని.

బడిని విలీనం చేస్తాం, మూడు నాలుగు ఐదు తరగతులను వేరే బడికి పంపుతాం అని ఎవరైనా వస్తే కూడా పుస్తకమే దిక్కు. ప్రైమరీ బడి పిల్లలు నడిచి వెళ్లేలా కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు మూడు కిలోమీటర్ల లోపల ఉండాలన్నది నిబంధన. దారిలో హైవే ఉందా, కాలువ ఉందా, వంతెన ఉందా, అన్నీ తీర్మానంలో రాయండి. "ఇక్కడ సంతకం పెట్టండి, ఫార్మాలిటీ" అంటే అదేం కాగితమో చదవకుండా పెట్టకండి.

టీచర్లతో ఎలా ఉండాలి

ఇది విడిగా రాస్తున్నాను, ఎందుకంటే కొత్తగా గెలిచినవాళ్లు ఇక్కడే చెడగొట్టుకుంటారు. కమిటీ మెంబరయ్యాం కదా అని క్లాసు జరుగుతుంటే లోపలికెళ్లి నిలబడొద్దు. టీచర్లలో ఎక్కువమంది మన మాటకోసమే ఎదురుచూస్తుంటారు, ఎందుకంటే వాళ్లు పైకి చెప్పలేనిది కమిటీ తీర్మానంగా వెళ్తే వాళ్లకూ మేలు. చట్టంలో 27వ సెక్షన్ ఉంది, జనగణన, విపత్తులు, ఎన్నికల డ్యూటీ తప్ప వేరే పనులకు టీచర్లను వాడకూడదని. మా లెక్కల సారును వేరే పనికి పంపుతున్నారని పిల్లలు చెప్తే మేం ఆ సెక్షన్ రాసి ఎంఈఓ గారికి, అంటే మండల విద్యాధికారికి, తీర్మానం పంపాం. సారు మాకు థాంక్స్ చెప్పలేదు, కానీ తర్వాతి మీటింగుకు టీ తెప్పించారు.

కొట్టడం, తిట్టడం లాంటివైతే మాత్రం మొహమాటం వద్దు, 17వ సెక్షన్ కింద అది నిషేధం. పిల్లకు ప్రమాదం అనిపిస్తే మీటింగు దాకా ఆగకుండా 1098కి ఫోన్ చేయండి.

మాట వినకపోతే

ముందు రాతపూర్వకంగా హెచ్‌ఎం గారికి. తర్వాత ఎంఈఓ. తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలోనైతే ప్రజావాణి. అర్జీతో పాటు తీర్మానం జిరాక్సు, ఫోటో పెట్టండి, రసీదు నంబరు జాగ్రత్త. విద్యా హక్కు చట్టం 32వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి.

లెక్కలు చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి ఐదు రూపాయలు, పైన పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. "మా బడికి ఫలానా సంవత్సరంలో వచ్చిన గ్రాంట్లు, ఖర్చుల వోచర్ల కాపీలు, ఎస్‌ఎంసీ తీర్మానాల కాపీలు" అని మూడు లైన్లు చాలు. నేను ఇంతవరకు వెయ్యలేదు, వేస్తానని ఒకసారి మర్యాదగా చెప్పాను, వారంలో ఫైలు బల్ల మీదికొచ్చింది.

తెలంగాణలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. మీ దగ్గర 2024 జనవరిలో ఎస్‌ఎంసీ ఎన్నికలు జరిగాయి, ఆ తర్వాత అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, మహిళా సంఘం అధ్యక్షురాలు దానికి ఛైర్‌పర్సన్, హెచ్‌ఎం కన్వీనర్. రిపేర్ల పనులు అటువైపు నడుస్తాయి. కాబట్టి మీరు సంఘం అక్కలతో ముందే మాట కలుపుకోండి, లేకపోతే ఎస్‌ఎంసీలో మీరు బాత్రూమ్ అంటే, అటు కమిటీ రంగులు వేయిస్తుంది.

ఓడిపోతే? మా ప్రైమరీ బడిలో మా మరిది భార్య ఓడిపోయింది, రెండు ఓట్లతో. అయినా ప్రతి మెగా పేరెంట్స్ మీటింగుకూ యూడైస్ కాగితం మడిచి చేతిలో పట్టుకుని వెళ్తుంది, గెలిచినవాళ్లే ఆమె దగ్గరికొచ్చి "ఈసారి ఏం అడగమంటావు" అంటున్నారు.

మా బడిలో ఇప్పుడు మూడు బాత్రూములకు నీళ్లొస్తున్నాయి. మిగిలిన ఒకదాంట్లో బెంచీలు ఇంకా అలాగే ఉన్నాయి, వేలం వేయాలంటే పైనుంచి అనుమతి కావాలట, దాని మీద రెండు తీర్మానాలు రాశాం, మూడోది వచ్చే మీటింగులో. అన్నట్టు, పుస్తకంలో మీ సంతకానికీ పైన రాసినదానికీ మధ్య ఖాళీ మిగిలితే అడ్డంగా ఒక గీత కొట్టండి, మీ పెన్నుతోనే.